ప్రచారం ఒకరిది, నమ్మకం మరొకరిది: రాయపూర్ చూపుతున్న రెండు ముఖాలు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, తిల్దా ప్రాంతంలో తులసి అనే గ్రామం ఉంది. నాలుగు వేల జనాభా గల ఈ పల్లెలో దాదాపు వెయ్యి మంది ఏదో ఒక రూపంలో యూట్యూబ్ వీడియోల తయారీలో పాలుపంచుకుంటున్నారు. అదే రాయపూర్ నగరంలోని ప్రత్యేక న్యాయస్థానంలో, మహాదేవ్ ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్ వ్యవహారంపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2023 అక్టోబరులో అభియోగపత్రం దాఖలు చేసింది. మొదటిది సామాజిక మాధ్యమాలు ఒక పల్లెకు తెచ్చిన గుర్తింపు. రెండవది అవే మాధ్యమాలు పందేల వ్యాపారానికి తెచ్చిన గిరాకీ. రెండింటికీ మూలధనం ఒక్కటే: చూసేవారి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరు, ఎవరి తరఫున, ఏ ప్రతిఫలానికి వినియోగిస్తున్నారో ప్రేక్షకునికి తెలుస్తోందా అన్నదే నేటి మార్కెటింగ్, ప్రజాసంబంధాల రంగం ముందున్న అసలు ప్రశ్న.

పల్లె నుంచి తెర మీదికి

తులసి గ్రామంలో ఈ ఒరవడికి ఆద్యులు ఇద్దరు మిత్రులు. ఒకరు బ్యాంకులో నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేసినవారు, మరొకరు పాఠాలు చెప్పుకుంటూ జీవించినవారు. వారు ప్రారంభించిన ‘బీయింగ్ ఛత్తీస్‌గఢియా’ చానల్‌కు ఆదరణ పెరిగేకొద్దీ ఊరిలో పదుల సంఖ్యలో చానళ్లు పుట్టుకొచ్చాయి. హాస్య సన్నివేశాలు, సామాజిక సందేశాలు, ఛత్తీస్‌గఢీ భాషలో పాటలు వీటి సరుకు. వృద్ధులు, గృహిణులు, పొలం పనులకు వెళ్లేవారు సైతం కెమెరా ముందుకు వచ్చారు. 2023లో రాయపూర్ జిల్లా యంత్రాంగం గ్రామంలోనే ‘హమర్ ఫ్లిక్స్’ పేరిట ఆధునిక స్టూడియోను నెలకొల్పింది. ‘హమర్’ అంటే ఛత్తీస్‌గఢీలో ‘మన’ అని అర్థం.

ఆ ‘మన’ అన్న మాటలోనే ఈ మాధ్యమం బలమంతా ఉంది. పెద్ద చానళ్లు పట్టించుకోని మాండలికంలో, పొరుగింటివారిలా కనిపించే మనుషులు మాట్లాడినప్పుడు ప్రేక్షకుడు వారిని నటులుగా కంటే తనవారుగా చూస్తాడు. వ్యాపార సంస్థలకు కావలసినదీ ఈ ఆత్మీయతే. లక్షలు వెచ్చించి తీసిన టెలివిజన్ ప్రకటన కలిగించలేని విశ్వాసాన్ని, తన ఊరి యాసలో ఒక యువతి చెప్పే రెండు మాటలు కలిగించగలవు. విశాఖపట్నం నుంచి బస్తర్‌కు ప్రయాణమయ్యే తెలుగు కుటుంబం కూడా చిత్రకోట్ జలపాతం ఎప్పుడు నిండుగా ఉంటుందో, జగదల్‌పూర్‌లో ఎక్కడ బస చేయాలో తెలుసుకోవడానికి పర్యాటక శాఖ కరపత్రం కంటే ముందుగా యూట్యూబ్ యాత్రికుని వీడియోనే చూస్తుంది. ఆ యాత్రికుడు బస చేసిన హోటల్‌కు తానే డబ్బు చెల్లించాడా, లేక యాజమాన్యమే ఉచితంగా ఆతిథ్యమిచ్చిందా అన్నది వీడియోలో చెబితే తప్ప చూసేవారికి తెలిసే మార్గం లేదు.

ప్రకటనకు, సిఫారసుకు మధ్య చెరిగిన గీత

పాత మాధ్యమాలలో ప్రకటనకు ఒక హద్దు ఉండేది. ఆకాశవాణి వివిధ భారతిలో 1967 నవంబరులో వాణిజ్య ప్రకటనలు మొదలైనప్పటి నుంచి శ్రోత చెవికి పాట ఎక్కడ ముగిసిందో, ప్రకటన ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలిసేది. పత్రికలలో గళ్లు గీసిన పెట్టె, ‘ప్రకటన’ అన్న చిన్న అక్షరాలు ఆ పని చేసేవి. బ్లాగులు వచ్చాక ఈ గీత చెరగడం మొదలైంది.

2006లో అమెరికాలో జరిగిన ఉదంతం ఇందుకు తొలి హెచ్చరిక. ఒక జంట వాహనంలో దేశమంతా తిరుగుతూ, దారిపొడవునా వాల్‌మార్ట్ దుకాణాల ఆవరణలలో బస చేస్తూ, అక్కడి ఉద్యోగుల సంతోషాన్ని వర్ణిస్తూ బ్లాగు రాసింది. ఆ యాత్ర ఖర్చును వాల్‌మార్ట్‌కు అనుకూలంగా ఏర్పాటైన బృందమే భరించిందని, దాని వెనుక ఎడెల్‌మన్ అనే ప్రజాసంబంధాల సంస్థ ఉందని తరువాత బయటపడింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. బ్లాగులో రాసిన ప్రతి వాక్యమూ అబద్ధమని ఎవరూ అనలేదు. రాసినవారి ప్రయాణానికి డబ్బు ఎక్కడిదో పాఠకునికి చెప్పకపోవడమే అక్కడ తప్పుగా నిలిచింది. 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన మార్గదర్శకాలను సవరించి, ప్రతిఫలం పుచ్చుకునే బ్లాగర్లు ఆ సంగతి వెల్లడించాలని స్పష్టం చేసింది.

వాట్సాప్ నంబరు నుంచి పందెం దాకా

తులసి గ్రామం ఈ మాధ్యమాల వెలుగును చూపితే, మహాదేవ్ వ్యవహారం వాటి నీడను చూపుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి చెందిన ఇద్దరు యువకులు దుబాయి కేంద్రంగా ఈ వ్యాపారాన్ని నడిపారని దర్యాప్తు సంస్థ ఆరోపణ. 70-30 నిష్పత్తిలో లాభాలు పంచుకునే ‘ప్యానెళ్ల’ పద్ధతిలో దేశమంతటా శాఖలు విస్తరించాయని, కొత్త వినియోగదారులను ఆకర్షించేందుకు ప్రకటనలపై భారీగా నగదు ఖర్చు చేశారని కూడా ఆ సంస్థ పేర్కొంది. ప్రచార విధానం సులువైనది. సామాజిక మాధ్యమాలలో ఒక ఫోన్ నంబరు కనిపిస్తుంది; దానికి వాట్సాప్‌లో సందేశం పంపితే పందెం ఖాతా తెరుచుకుంటుంది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మహాదేవ్ బుక్ సహా 22 అక్రమ బెట్టింగ్ యాప్‌లు, వెబ్‌సైట్లను నిలిపివేసింది. ఆరోపణల నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. అయితే ఆ ప్రచారం ఎంత చవకగా, ఎంత వేగంగా ఇళ్లలోకి చొచ్చుకుపోయిందన్నది కళ్లెదుట కనిపించిన సత్యం.

ఇదే తంతు తెలుగు నేలపైనా సాగింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న అభియోగంపై 11 మంది సామాజిక మాధ్యమ ప్రముఖుల మీద కేసు నమోదు చేశారు. ఆ వెంటనే మియాపూర్ పోలీసులు సినీ నటులతో సహా 25 మందిపై మరో కేసు పెట్టారు. అప్పట్లో తెలంగాణ ఆర్టీసీ మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న ఐపీఎస్ అధికారి వి.సి. సజ్జనార్ ఈ యాప్‌లకు వ్యతిరేకంగా సాగించిన ఉద్యమానికీ సామాజిక మాధ్యమాలే వేదిక కావడం గమనార్హం. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించడంతోపాటు వాటికి ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని పేర్కొంది. ఆట నడిపేవాడితో పాటు దానికి దారి చూపేవాడూ బాధ్యుడేనన్న సూత్రం ఈ విధంగా చట్టరూపం దాల్చింది.

ప్రభుత్వాలూ ఇదే బాటలో

ఈ మాధ్యమాలను వ్యాపారులు మాత్రమే వాడుకుంటున్నారనుకుంటే పొరపాటు. 2021లో సుక్మా జిల్లాకు చెందిన ఒక బాలుడు బడిలో పాడిన పాట దేశమంతా మారుమోగినప్పుడు, నాటి ముఖ్యమంత్రి అతణ్ని రాయపూర్‌కు పిలిపించి సత్కరించారు; ఆ దృశ్యం సామాజిక మాధ్యమాలలో మళ్లీ లక్షలాది మందికి చేరింది. మావోయిస్టు హింసకు సంబంధించిన వార్తలలోనే తరచుగా వినిపించే సుక్మా పేరు కొద్ది రోజులు ఒక పిల్లవాని పాటతో వినిపించింది. ఏ ప్రజాసంబంధాల శాఖా కోట్లు ఖర్చు చేసినా అంత తేలికగా సాధించలేని ఫలితమిది.

అయితే ప్రభుత్వాలు యాదృచ్ఛిక ఆదరణతో తృప్తిపడడం లేదు. కేంద్రం 2023 నవంబరులో డిజిటల్ ప్రకటనల విధానాన్ని ఆమోదించింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024 ఆగస్టులో తెచ్చిన విధానం ప్రకారం, ప్రభుత్వ పథకాలపై వీడియోలు చేసే యూట్యూబ్ నిర్వాహకులకు స్థాయిని బట్టి నెలకు గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు చెల్లించవచ్చు. పథకాల వివరాలు అర్హులకు చేరడం అవసరమే. అయితే ప్రజాధనంతో తయారైన ప్రశంస, పౌరుడు తనంతట తాను వ్యక్తం చేసిన అభిప్రాయంగా కనిపించినప్పుడు ప్రజలకు అందేది సమాచారం కాదు, ఏమార్పు.

ఈ ప్రమాదం తెలుగువారికి కొత్తది కాదు. 2009 ఎన్నికలలో ‘పెయిడ్ న్యూస్’ జాడ్యాన్ని వెలుగులోకి తెచ్చినవారిలో ఆంధ్రప్రదేశ్‌లోని వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఉంది. అనంతరం ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. నాడు వార్తగా ముస్తాబైన ప్రకటన నేడు వ్యక్తిగత అనుభవంగా ముస్తాబవుతోంది. ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే అభ్యర్థులు తమ సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలు తెలపాలని, అక్కడి ప్రచార వ్యయాన్ని లెక్కల్లో చూపాలని ఆదేశించింది. పార్టీ పేరు లేని వందలాది ఖాతాల నుంచి వచ్చే పొగడ్తకూ తెగడ్తకూ లెక్క కట్టడం మాత్రం అధికారులకు అంత తేలిక కాదు.

నియమాలు ఉన్నా...

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఆధారంగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు జారీ చేసింది. తప్పుడు ప్రచారానికి తొలిసారి 10 లక్షలు, పునరావృతమైతే 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. సిఫారసు చేసినవారిని ఏడాది నుంచి మూడేళ్ల వరకు అటువంటి ప్రచారం నుంచి నిషేధించవచ్చు. నగదు మాత్రమే ప్రతిఫలం కాదు. ఉచిత వస్తువులు, విహారయాత్రలు, బహుమతులు, సంస్థతో బంధుత్వం లేదా ఉద్యోగ సంబంధం సైతం వెల్లడించవలసినవే. వీడియో అయితే ఆ సంగతిని చూపడంతోపాటు నోటితోనూ చెప్పాలని 2023 జనవరిలో విడుదలైన వివరణ సూచించింది. ప్రకటనల ప్రమాణాల మండలి 2021 జూన్ నుంచి అమలుచేస్తున్న నియమావళి ప్రకారం, రెండు నిమిషాలకు మించిన వీడియోలో వస్తువు ప్రస్తావన సాగినంతసేపూ ‘ప్రకటన’ అన్న గుర్తు తెరపై ఉండాలి.

లోపం ఆచరణలో ఉంది. తెలుగులో సాగే వీడియోకు మూలన చిన్న ఆంగ్ల అక్షరాలలో తళుక్కుమని మాయమయ్యే హ్యాష్‌టాగ్ ఒక గృహిణికి గానీ, ఓ విశ్రాంత కార్మికునికి గానీ ఏమి తెలుపుతుంది? సిఫారసు ఏ భాషలో చేశారో, అందుకు డబ్బు అందిన సంగతీ ఆ భాషలోనే చెప్పడం కనీస మర్యాద. ‘ఈ వీడియోకు ఫలానా సంస్థ డబ్బు చెల్లించింది’ అన్న ఒక్క తెలుగు వాక్యానికి పట్టే సమయం ఐదు సెకన్లు. నిజాయతీగా చేసే వ్యాపారానికి ఆ వాక్యం వల్ల వచ్చే నష్టం స్వల్పం. దాచిన విషయం బయటపడ్డాక సంస్థకూ, సిఫారసు చేసినవారికీ కలిగే నష్టం చాలా పెద్దది.

ఇదే తెరపై మరో ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. బీజాపూర్‌కు చెందిన యువ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ చానల్ ద్వారా అడవి పల్లెల కష్టాలను బయటి ప్రపంచానికి వినిపించారు. రహదారి పనులలో అవినీతిపై కథనం వెలువడిన కొద్ది రోజులకే, 2025 జనవరి 3న ఆయన మృతదేహం ఒక గుత్తేదారుకు చెందిన స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో లభించింది. ప్రధాన నిందితుడైన ఆ గుత్తేదారును హైదరాబాద్‌లో అరెస్టు చేశారు.

ప్రాణాలకు తెగించి చెప్పిన వార్త, తులసి గ్రామస్థుల హాస్య సన్నివేశం, పందెం యాప్ ఫోన్ నంబరు, ప్రభుత్వ సొమ్ముతో తీసిన పథకాల వీడియో: ఇవన్నీ ఒకే చేతిలోని ఒకే ఫోన్‌లో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. వీటి మధ్య తేడాను యంత్రం చెప్పదు. చెప్పవలసిన తొలి బాధ్యత డబ్బు ఇచ్చినవారిది, పుచ్చుకున్నవారిది. చెప్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అది జరిగేదాకా ప్రతి సిఫారసునూ ‘దీనికి ఎవరు డబ్బు ఇచ్చి ఉంటారు?’ అన్న ప్రశ్నతో చూడడమే ప్రేక్షకునికి మిగిలిన రక్షణ.