మాటను ఉన్నదున్నట్టు గీస్తే!

పిల్లలూ! "కుండపోతగా వాన కురిసింది" అన్న మాటకు ఉన్నదున్నట్టు బొమ్మ గీయమంటే ఏం గీస్తారు? మబ్బుల మీద కూర్చుని ఎవరో కుండలు వంపుతున్నట్టు గీస్తారు కదూ! 1951లో అమెరికాలో టెక్స్ ఏవరీ సరిగ్గా ఇదే పని చేశాడు. 'సింఫనీ ఇన్ స్లాంగ్' అనే ఆయన కార్టూన్ చిత్రంలో ఒక కుర్రవాడు స్వర్గానికి వెళ్ళి, వీధిభాషలో తన కథ చెబుతాడు. అది అక్కడెవరికీ అర్థం కాదు. నిఘంటువు కూర్చిన వెబ్‌స్టర్ దగ్గరకు తీసుకెళ్తే ఆయన పరిస్థితీ అంతే! ప్రతి జాతీయాన్నీ మాటకు మాటగా ఊహించుకుంటాడు. ఇంగ్లీషులో జోరు వానను పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయంటారు. తెర మీద నిజంగానే అవి ఆకాశం నుంచి రాలిపడతాయి.

ఆ జాతీయం తెలియనివాడికి బొమ్మ వింతగా ఉంటుందే తప్ప నవ్వు రాదు. కనుక ఆ పిల్లులనూ కుక్కలనూ చూసి మన బడి గోడపత్రికలో దించితే లాభం లేదు. మన మాటలకు మనమే గీసుకోవాలి.

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనినే తీసుకోండి. "నాన్న బాయికి పోయిండు" అంటే వేరే ఊరి పిల్లవాడు గిలకా, చేంతాడూ, బొక్కెనా గీస్తాడు. అక్కడ బాయి అంటే బొగ్గు గని! వ్యాసంలో ఈ మాట రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి 'గని' అని దిద్దే ఉపాధ్యాయులున్నారు. నాకది నచ్చదు. మాటతో పాటు బొమ్మ కూడా పోతుంది.

ఇంకో చిత్రమేమిటంటే, కొన్ని జాతీయాలు అక్కడ నిజమైపోతాయి. భూగర్భ గనిలో మధ్యాహ్నం కూడా చిమ్మచీకటే. దూరం నుంచి నడిచి వచ్చే కార్మికుల టోపీ దీపాలు చుక్కల్లాగే మెరుస్తాయి. పట్టపగలే చుక్కలు కనిపించడమంటే అదే! ఇక "కడుపు మండుతోంది" అనే మాట బొగ్గు కుప్పకు అక్షరాలా సరిపోతుంది. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోలేక లోపలే పేరుకుంటే, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది.

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్న సామెతను మాత్రం గనిలో నమ్ముకుని కూర్చోకూడదు. పొగా మంటా కనిపించకముందే, బొగ్గు వేడెక్కే దశలోనే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. అందుకే దాన్ని పరికరాలతో కొలుస్తూ ఉంటారు. కంటికి కనిపించని ఆ వాయువును బొమ్మలో ఎలా చూపించాలి? ఏవరీకి ఈ చిక్కు రాలేదు. బాయికి పోయే నాన్నలున్న పిల్లలు గీస్తే చూడాలని ఉంది.