మురుగు ఉందని మోటారుకు హక్కు రాదు

దుర్గం చెరువులాంటి చిన్న చెరువుల్లో పెట్రోలు మోటారు పడవలు వద్దని సైబరాబాద్‌లో ఎవరైనా అంటే చాలు, నాలుగు వాదనలు వరసగా మీద పడతాయి. చెరువు ఎలాగూ మురుగుతో నిండింది, పడవ కొత్తగా పాడుచేసేదేముంది అన్నది మొదటిది. మోటారు నీళ్లను చిలికితే చేపలకు ప్రాణవాయువు అందుతుంది, అది మంచిదేగా అన్నది రెండోది. ఇవన్నీ గాలం వేసుకునే విదేశీయుల సరదా చట్టాలు, మనకెందుకు అన్నది మూడోది. బ్యాటరీ మోటారు బిగిస్తే గొడవే ఉండదు అన్నది నాలుగోది. మొదటి వాదనలో సగం నిజం ఉంది. నాలుగోదాంట్లో ముప్పాతిక నిజం ఉంది. రెండోది, మూడోది పూర్తిగా తప్పు. అయినా ఈ నాలుగూ కలిసి ఒక పాట అయిపోయాయి కాబట్టి విడివిడిగా తేల్చుకోవాలి.

మురుగు సంగతి ముందు చూద్దాం. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లు పంపిన చెరువు ఇది. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలు, పైన 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన. పక్కనే రోజుకు 70 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రాన్ని 2023లో ప్రారంభించారు. అంత పెద్ద కేంద్రం కట్టాల్సి వచ్చిందంటేనే అసలు రోగం ఏమిటో తెలుస్తోంది. ఇక్కడ చేపలు తెల్లారేసరికి తేలిపోవడానికి మోటారు పడవలే కారణం అనేవాళ్లు కూడా పొరబడుతున్నట్టే. ప్రధాన దోషి మురుగే. పడవలన్నీ ఒడ్డుకు లాగేసినా డ్రైనేజీ నీళ్లు కలుస్తున్నంతకాలం చెరువు బాగుపడదు.

దీని నుంచి మోటారుకు అనుమతి ఎలా పుట్టుకొస్తుంది? మురుగు ఏళ్ల తరబడి దిగిన చెరువు అడుగున నల్లటి బురద మేట వేస్తుంది. భాస్వరం అందులో పట్టి ఉంటుంది, కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు ఉంటుంది, ఇంకా కుళ్లాల్సిన చెత్త ఉంటుంది. కదపకపోతే చాలావరకు అక్కడే పడి ఉంటుంది. లోతు తక్కువైన చోట మోటారు పంఖా తిరిగితే ఆ బురద పైకి లేస్తుంది. లేచిన బురద నీళ్లలో ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేసుకుంటుంది, భాస్వరం తిన్న నాచు మరింత పెరుగుతుంది. లోతైన, శుభ్రమైన జలాశయం తట్టుకునే దెబ్బను మురికి చెరువు తట్టుకోలేదు. మూలిగే నక్క మీద తాటికాయ పడనివ్వండి, ఎలాగూ మూలుగుతోందిగా అన్నట్టుంది ఈ వాదన. చెరువు పాడై ఉండటమే మోటారు వద్దనడానికి మొదటి కారణం.

రెండో వాదన విన్నవెంటనే సైన్సులా అనిపిస్తుంది, అందుకే ఎక్కువ మందిని పడేస్తోంది. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల రైతులను ఒక్క మాట అడగండి: ఏరియేటర్లు ముఖ్యంగా ఏ వేళ తిప్పుతారు? రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టి తెల్లారేదాకా అంటారు. పగలు ఎండలో నాచు ప్రాణవాయువు వదులుతుంది. చీకటి పడ్డాక అదే నాచు ప్రాణవాయువు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అట్టడుగు స్థాయికి పడిపోతుంది, చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది అప్పుడే. మబ్బు పట్టిన మర్నాడైతే మరీ గండం. మరి షికారు పడవలు తిరిగేది ఎప్పుడు? మధ్యాహ్నం, సాయంత్రం. అవసరం లేనప్పుడు చిలికి, అవసరమైనప్పుడు జెట్టీకి కట్టేసి ఉండే యంత్రం చేపలకు చేసే ఉపకారం ఏమిటి? పైగా ఏరియేటరు చక్రం నీటి ఉపరితలాన్ని కొట్టి తుంపరలుగా గాల్లోకి ఎగరేస్తుంది, పని జరిగేది అక్కడ. పడవ పంఖా నీటి లోపల తిరిగి నీళ్లను వెనక్కి నెడుతుంది. రెండూ నీళ్లలో తిరుగుతాయి కాబట్టి రెండూ ఒకటే అనడం కుదరదు.

ఇంజను వదిలేది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాతకాలపు టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారును ఏ జెట్టీ దగ్గరైనా గమనించండి. తాడు రెండుసార్లు లాగితే దగ్గినట్టు దగ్గి అంటుకుంటుంది. నీలిరంగు పొగ నీటి మీద పరుచుకుంటుంది, వెనకాల రంగురంగుల నూనె పొర విచ్చుకుంటుంది. ఈ రకం ఇంజనులో ఆయిలును పెట్రోలులోనే కలిపి మండిస్తారు. పోసిన ఇంధనంలో సుమారు 20 నుంచి 30 శాతం మండకుండానే పొగతోపాటు బయటికి పోతుంది, ఆ పొగ గొట్టం తెరుచుకునేది నీళ్లలోకే. కొత్త ఫోర్ స్ట్రోక్ మోటార్లు ఇంతకంటే చాలా నయం, ఒప్పుకోవాల్సిందే. కానీ డబ్బాతో ట్యాంకులో పెట్రోలు పోసేటప్పుడు ఒలికేది ఏ ఇంజనుకైనా ఒలుకుతుంది. ఇంజను ఉంచుకుంటాం గానీ స్టార్టు చేయం అన్న హామీకి కూడా విలువ ఇందుకే లేదు. నడిచే పడవకు ట్యాంకు నిండా పెట్రోలు వేలాడుతుంటే, ఇంజను ఎప్పుడు మోగిందో ఒడ్డున కూర్చున్న కాపలాదారుడు ఎలా తేల్చాలి?

ఇక విదేశీ సరదా అన్న మాట. 2010లో మన కేంద్ర ప్రభుత్వం తెచ్చిన చిత్తడి నేలల నియమాల్లోనే మోటారు పడవ నడపడాన్ని ముందస్తు అనుమతి కావలసిన పనుల్లో చేర్చారు. భోపాల్ పెద్ద చెరువు అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో ఉన్న తాగునీటి చెరువు. అక్కడ క్రూజులు, మోటారు పడవలు ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2023 సెప్టెంబరులో ఆదేశించింది. నిజానికి మన ఇబ్బంది చట్టం ఎక్కువ కావడం వల్ల రాలేదు. 2017లో మారిన నియమాలు తాగునీటికి, సాగునీటికి, వినోదానికి మనిషి కట్టిన చెరువులను తమ పరిధి నుంచి తప్పించాయి. తెలంగాణ చెరువులు దాదాపుగా అన్నీ కట్ట వేసినవే. అంటే అత్యంత బలహీనమైన చెరువులే ఆ రక్షణ బయట పడ్డాయి. చట్టం మాట్లాడలేదు కాబట్టి మోటారు తిప్పుకోవచ్చని కొందరు అంటున్నారు. ఆ ఖాళీని స్థానిక నిబంధనతో పూడ్చాలని అర్థం చేసుకోవడం న్యాయం.

హుస్సేన్‌సాగర్‌లో తిరుగుతున్నాయిగా అని ఇంకో మాట కలుపుతారు. వెయ్యి ఎకరాలు దాటిన సాగరానికి, 80 ఎకరాల పైచిలుకు ఉన్న దుర్గం చెరువుకు ఒకే కొలత పెట్టడం తగదు. పోనీ, సాగర్ నీళ్ల పరిస్థితి చూసి దాన్ని ఆదర్శంగా తీసుకుందామని ఎవరంటారు? మోటారు లేకపోతే పర్యాటకం పడిపోతుందన్న బెంగ ఉన్నవాళ్లు జర్మనీలో బవేరియా కొండల మధ్య ఉన్న కోనిగ్‌సే సరస్సును చూడాలి. అక్కడ 1909 నుంచి ప్రయాణికుల పడవలు విద్యుత్తుతోనే నడుస్తున్నాయి. వందేళ్లు దాటినా జనం తగ్గలేదు.

బ్యాటరీ వాదనకు వద్దాం. పొగ ఉండదు, నూనె తెట్టు ఉండదు, మోత ఉండదు. పెట్రోలు మోటారు స్థానంలో చిన్న బ్యాటరీ మోటారు రావడం ఆహ్వానించదగ్గదే. కానీ బురదకు ఇంధనం పేరు తెలియదు. పెద్ద బ్యాటరీ మోటారు పంఖా కూడా అడుగు కదుపుతుంది, వేగంగా పోతే అలలు కూడా లేపుతుంది. ఆ అలలు ఎక్కడ తగులుతాయో చూడాలి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. అది గుడ్లు పెట్టేది ఒడ్డు దగ్గర, గడ్డీ తుంగా ఉన్న లోతులేని నీళ్లలో. పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. అలల తాకిడికి ముందు చెదిరేది ఆ గూడు. అందుకే నిబంధనలో ఇంధనం ఒక్కటే రాస్తే చాలదు. మోటారు సామర్థ్యం ఎంత, వేగం ఎంత, ఒడ్డుకు ఎంత దూరంలో నడపాలి అన్నవి కూడా రాయాలి.

చివరగా మత్స్యకారుల పేరు ముందుకు తెస్తారు. చిన్న చెరువులో వల వేసే ముదిరాజులకు, గంగపుత్రులకు ఈ నిబంధన వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. థర్మకోల్ తెప్ప మీద కూర్చుని తెడ్డు వేసుకుంటూ చెరువంతా చుట్టి రాగలిగినవాళ్లు వాళ్లు. సాయంత్రం కట్టిన వలను పొద్దున తీసుకునేవాళ్లకు షికారు పడవ పంఖా అడ్డే గానీ సాయం కాదు. పంఖా తగిలి చిరిగిన వలను బాగుచేయించే డబ్బు పడవ నడిపేవాడు ఇవ్వడు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతున్న రాష్ట్రంలో, వదిలిన చోటే వాటిని ఉక్కిరిబిక్కిరి చేసే యంత్రానికి అనుమతి ఇవ్వడం ఏ లెక్కన చూసినా నష్టమే.

మునిగిపోతున్న మనిషిని తేవాల్సిన రక్షణ బోటుకు మినహాయింపు ఉండాలి, అందులో తగాదా లేదు. ఆ ఒక్కటీ పోను మిగతావాటికి నియమం సూటిగా ఉండవచ్చు: చిన్న చెరువుల్లో పెట్రోలు, డీజిలు ట్యాంకు నీటి మీదికి రాకూడదు, బ్యాటరీ మోటారుకు సామర్థ్యం, వేగం పరిమితి, గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డు వెంబడి పడవ నిషేధం. చెరువు భూమి ఒక శాఖది, చేప ఇంకో శాఖది, టికెట్టు మరో శాఖది కావడం వల్లే ఈ మూడు వాక్యాలు ఎవరూ రాయడం లేదు. జీహెచ్‌ఎంసీ, నీటిపారుదల, మత్స్య, పర్యాటక శాఖలు ఒకే కాగితం మీద సంతకం పెట్టి ఆ మూడు వాక్యాలను ప్రతి జెట్టీ టికెట్టు కిటికీ పక్కన అతికించాలి. మురుగు ఆపే పని ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి. మోటారు ఆపే పనికి ఒక ఉత్తర్వు చాలు. కష్టమైనది పూర్తి కాలేదని తేలికైనదాన్ని వాయిదా వేయమనడం చెరువు మీద ప్రేమ ఉన్నవాళ్లు చెప్పే మాట కాదు.