ఆరోగ్యము – భద్రత: రాతినార దుమ్ము

ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము ఆవిరి గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ తాళ్లను ఒట్టి చేతులతో విప్పేవారము. బట్టలకంటిన తెల్లని నూగును సాయంత్రం దులుపుకొని ఇంటికి పోయేవారము. ఆ దుమ్ములోని ప్రమాదము మాకు చాలా ఆలస్యంగా తెలిసినది.

ఆస్బెస్టాస్ అనగా రాతినార. కంటికి కనబడని దాని పోగులు శ్వాసతోపాటు ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. శరీరంలోని రక్షక కణాలు పొడవైన ఆ పోగులను మ్రింగలేవు, కరిగించలేవు. అక్కడ ఏళ్ల తరబడి వాపు కొనసాగి, కణాల జన్యుపదార్థం దెబ్బతిని, ఊపిరితిత్తుల క్యాన్సరు గాని, వాటిని కప్పి ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు గాని తలెత్తవచ్చు. మీసోథీలియోమా బయటపడుటకు సాధారణంగా 20 నుండి 40 ఏళ్లు పడుతుంది. పొగత్రాగే అలవాటు తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

వ్యాధి ఇంత ఆలస్యంగా బయటపడుతుంది గనుకనే మన ఢిల్లీలోని సర్వోన్నత న్యాయస్థానం 1995 జనవరి 27న ఒక ముఖ్యమైన తీర్పునిచ్చింది. ఆస్బెస్టాస్ పరిశ్రమలలో ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగారంభం నుండి కనీసం 40 ఏళ్లు, లేదా పదవీ విరమణానంతరం 15 ఏళ్లు, ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచవలెనని ఆదేశించింది.

పదవీ విరమణకు దగ్గరపడిన మాబోటి వారికి ఒక మనవి. ఏ సంవత్సరాలలో, ఏ విభాగంలో ఈ దుమ్ము మధ్య పనిచేశారో నేడే వ్రాసి ఉంచండి. వైద్యుడు అడగకున్నా చెప్పండి. పాత రేకులను పొడిగా పగులగొట్టనీయకండి. దుమ్ము పట్టిన పనిబట్టలను ఇంటికి తేకండి. అటువంటి బట్టలు ఉతికిన ఇల్లాండ్రకు సైతం ఈ వ్యాధి వచ్చిన ఉదంతాలున్నాయి.