తపతి ఒడ్డున వలందావారి ఊరు

హాలెండు దేశంలో హోర్న్, ఎంక్‌హైజన్ అనే రెండు చిన్న రేవు పట్టణాలున్నాయి. పదిహేడవ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఉండిన ఆరు శాఖలలో రెండు ఈ ఊళ్ళలోనే పనిచేసేవి. కాలక్రమాన వర్తకం ఆంస్టర్‌డాం వైపు మళ్ళింది. 1932లో ఆ సముద్రపు పాయకు అడ్డంగా పెద్ద కట్ట వేయడంతో ఉప్పునీరు క్రమంగా మంచినీటి సరస్సు అయిపోయింది. నేడు అక్కడ ఉన్నవి తెరచాప పడవలు, వాలుకప్పుల ఇళ్ళు, నిశ్శబ్దం. ప్రొద్దున వెళ్ళి సాయంకాలానికి తిరిగివచ్చే యాత్రికులు ఆ నిశ్శబ్దం కోసమే వెళ్తారు.

ఆ కంపెనీ వర్తకానికి రెండవ కొస మన దేశంలో ఉన్నది. దానిని చూడడానికి సముద్రాలు దాటనక్కరలేదు. విజయవాడలోనో వరంగల్లులోనో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు, అది సూరత్‌లో దింపుతుంది. అయితే సూరత్ నిశ్శబ్దమైన ఊరని ఎవరూ అనరు. వజ్రాల సానలు, కృత్రిమ నూలు చీరలు, ఒకదానినొకటి ఒరుసుకొని పోయే ఆటోలు - ఇదీ నేటి సూరత్. ఇందులో డచ్చి పట్టణాన్ని వెతకడానికి ఒక దినం పడుతుంది.

డచ్చివారు ఇక్కడికి ఎలా వచ్చారన్నది తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. వారు మొదట దిగినది మన తీరాన. పదిహేడవ శతాబ్దం మొదటి దశకంలోనే మచిలీపట్నంలోనూ, నేడు నిజాంపట్నమనబడే పెదపల్లిలోనూ వారి వర్తకశాలలు వెలిశాయి. సూరత్‌లో కాలూనాలని వచ్చిన వాన్ డైన్సెన్ అనే ఉద్యోగి 1607లో బుర్హాన్‌పురంలో ప్రాణాలు తీసుకున్నాడు. అతడు వదలిపోయిన కంపెనీ సొత్తును రాబట్టేందుకు 1615లో రవెస్టైన్ అనే మరొక ఉద్యోగి మచిలీపట్నం నుండి బయలుదేరి, దక్కను అంతా నేలదారిన దాటి, సూరత్ చేరాడు. మరుసటి సంవత్సరం వాన్ డెన్ బ్రూకె ఓడమీద వచ్చి కొద్దిమంది మనుషులను ఇక్కడ దింపి వెళ్ళాడు. అదే సూరత్ డచ్చి వర్తకశాలకు ఆరంభం. బందరులో వలందపాలెమనే పేట నేటికీ ఉన్నది. గుజరాతీవారు కూడా డచ్చివారిని ‘వలందా’ అనే అంటారు. హాలెండు అన్న మాట నలిగి నలిగి రెండు తీరాలలోనూ ఒకే రూపం దాల్చడం చిత్రమే.

యాత్రకు కోట దగ్గర మొదలుపెట్టడం మేలు. పోర్చుగీసువారి దాడులకు విసిగిన గుజరాతు సుల్తాను మూడవ మహమూదు ఆనతిపై, పదహారవ శతాబ్దం నడుమ, తపతీ నది ఒడ్డున లేచిన కోట ఇది. మునిసిపల్ కార్పొరేషన్ వారు దీనిని బాగుచేయించి ప్రదర్శనశాలగా తెరిచారు. బురుజు మీద నిలుచుంటే నది కనబడుతుంది గాని ఓడలు కనబడవు. ఆ కాలంలోనూ పెద్ద ఓడలు ఊరిదాకా వచ్చేవి కావు. ఇసుకమేటల వలన దిగువన సువాలి రేవులోనే లంగరు వేసేవి. సరుకు అక్కడినుండి బండ్లమీదా చిన్న పడవలమీదా ఊరు చేరేది. లవంగాలు, జాజికాయ, జపాను రాగి వచ్చేవి. నీలిమందు, నూలుబట్ట పోయేవి. ఆ బట్టలో చాలా భాగం ఐరోపాకు గాక సుగంధద్రవ్యాల దీవులకు పోయేది. అక్కడివారు తమ లవంగాలకు బదులు కోరినది మన బట్టనే.

కోటకు కొద్ది దూరంలో షాజహాన్ కాలపు మొఘల్ సరాయి ఉన్నది. బాటసారులకై కట్టిన ఆ సత్రం దశాబ్దాల తరబడి మునిసిపల్ కార్యాలయంగా పనిచేసింది. నాన్‌పురాలో నది ఒడ్డున డచ్ గార్డెన్ అనే పార్కులో పిల్లలు ఆడుకుంటారు, పెద్దలు బెంచీలమీద కునుకుతీస్తారు. ఆ రెండింటికీ ఎక్కువసేపు కేటాయించనక్కరలేదు. మధ్యాహ్నం దాటకుండా కతార్‌గాం దర్వాజా వైపు వెళ్ళాలి.

డచ్చి పట్టణం దొరికేది అక్కడే. సందుల నడుమ ఒక ఆవరణ, దానిలో గుమ్మటాలు, స్తంభాలు, గచ్చు ఊడిన గోడలు. ఇవి శ్మశానమంటే కొత్తవారు వెంటనే నమ్మరు. ఏ నవాబుల సమాధులో అనుకొంటారు. నడిసముద్రాలు దాటి వచ్చిన క్రైస్తవ వర్తకులు, ఇక్కడి ప్రభువుల కన్ను ఆకర్షించడానికి, ఇక్కడి ప్రభువుల పద్ధతిలోనే చనిపోయారు. సమీపంలోని ఇంగ్లీషువారి శ్మశానంలో 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సిండెన్‌కూ, 1669లో మరణించిన అతని సోదరుడు సర్ జార్జికీ కలిపి రెండంతస్తుల సమాధి లేచింది. దానిని మించాలనే డచ్చివారు తమవాడికి అష్టకోణాకారపు మహాసమాధిని కట్టించారని చెప్పుకుంటారు. బ్రతికినన్నాళ్ళూ నీలిమందు ధర మీద పోటీపడ్డవారు, చచ్చిన తరువాత గుమ్మటాల ఎత్తు మీద పోటీపడ్డారన్న మాట.

ఆ అష్టకోణ మందిరంలో ఉన్నవాడు హెన్రిక్ వాన్ రీడె. ఒకనాడు దాని గోడలనిండా చిత్రాలు, వంశచిహ్నాలు, బైబిలు వాక్యాలు, కిటికీలకు చెక్కడపు పని ఉండేవట. నేడు ఆ అలంకారం లేదు. క్రిందా పైనా స్తంభాలతో చుట్టు వసారాలు, వాటి మీద జంట గుమ్మటం మాత్రం నిలిచి ఉన్నాయి. ఈయన 1670 నుండి 1677 దాకా మలబారులో కంపెనీ అధికారి. తరువాత కంపెనీ ఉద్యోగుల లంచగొండితనాన్ని విచారించడానికి సర్వాధికారాలతో తిరిగి వచ్చాడు. తూర్పుతీరంలో కంపెనీ ముఖ్యస్థానాన్ని పులికాటు నుండి నాగపట్నానికి మార్పించినవాడు ఈయనే. 1691 డిసెంబరులో కొచ్చిన్ నుండి సూరత్‌కు వస్తూ, బొంబాయి దాపున ఓడలోనే మరణించాడు. విచారణ చేయవలసిన ఊరికి ఆయన శవంగా చేరాడు.

ఇంతటి సమాధి ఉన్నా, వాన్ రీడె పేరు లోకానికి తెలిసినది దానివలన కాదు, ఒక పుస్తకం వలన. మలబారు మొక్కలను గురించి ఆయన సంకలనం చేయించిన ‘హోర్టుస్ మలబారికుస్’ 1678 నుండి 1693 వరకు ఆంస్టర్‌డాంలో పన్నెండు సంపుటాలుగా వెలువడింది. కడపటి సంపుటాలను ఆయన చూడనేలేదు. దానిలో 742 మొక్కల వర్ణన ఉన్నది. వాటి గుణాలు చెప్పినవారు దొరలు కారు. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణీ బ్రాహ్మణులు. వారు మలయాళంలో చెప్పినది పోర్చుగీసులోకి, పోర్చుగీసు నుండి లాటినులోకి పోయింది. ఒక ఆకు రుచి, ఒక వేరు వాసన ఇన్ని భాషల చేతులు మారి చెడకుండా చేరడమంటే సామాన్యం కాదు. మొదటి సంపుటంలో ఆ నలుగురి సాక్ష్యపత్రాలను వారి వారి లిపులలోనే అచ్చువేయడం ఆనాటి ఏ కంపెనీ దొర నుండీ ఆశించని మర్యాద. తరువాతి శతాబ్దంలో లిన్నేయస్ మహాశయుడు మన మొక్కలకు పేర్లు పెట్టేటప్పుడు ఈ గ్రంథాన్నే ఆధారం చేసుకున్నాడు.

లాటినులో చిక్కుకున్న ఆ విజ్ఞానం తిరిగి ఇంటికి రావడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. కేరళకు చెందిన వృక్షశాస్త్రవేత్త కె. ఎస్. మణిలాల్ కొన్ని దశాబ్దాలు దీనికే వెచ్చించి 2003లో ఇంగ్లీషు అనువాదాన్ని, 2008లో మలయాళ అనువాదాన్ని వెలువరించారు. సూరత్ సమాధి ముందు నిలుచున్న యాత్రికునికి ఈ వివరం చెప్పే వారు అరుదు. ఆవరణ చుట్టూ మేడలు లేచాయి. వాటి వెనుక గోడలు శ్మశానంలోకి తొంగిచూస్తుంటాయి.

1795లో ఇంగ్లీషువారు ఈ వర్తకశాలను పట్టుకున్నారు. నెపోలియను యుద్ధాల తరువాత తిరిగి ఇచ్చారు. 1824 సంధితో డచ్చివారు దానిని శాశ్వతంగా వదలుకున్నారు. వారు పోయారు గాని వారు వచ్చిన పని పోలేదు. బట్ట నేత నేటికీ సూరత్‌ను నిలబెడుతున్నది.

ఆ సంగతి తెలుసుకోవాలంటే సాయంకాలం లింబాయత్ వెళ్ళాలి. అంగళ్ళ పలకలమీద తెలుగు కనబడుతుంది, వీధి అరుగులమీద తెలంగాణా మాట వినబడుతుంది. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ, పాలమూరు జిల్లాలలో చేనేత మగ్గం కూడు పెట్టని రోజులలో పద్మశాలీలు షోలాపురానికి, భివండికి, సూరత్‌కు తరలివచ్చారు. రవెస్టైన్ కాలంలో వర్తకుడు సముద్రాలు దాటి సాలెవాని ఊరికి బట్ట వెతుక్కుంటూ వచ్చాడు. ఈ కాలంలో సాలెవాడే వర్తకుని ఊరు వెతుక్కుంటూ, అదే దక్కను దాటి వచ్చాడు. మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడపడాన్ని బట్టి వారెందరో ఊహించవచ్చు.

మరమగ్గాల శాలలలో పని సాధారణంగా పన్నెండు గంటలు. కూలి మీటరు లెక్కన. ఒక్క మనిషి అనేక మగ్గాలు చూసుకుంటాడు. తెగిన పోగు ఏ మగ్గానిదో చూపుతో పట్టుకుంటాడు. ఆ హోరులో మాట వినబడదు గనుక సైగలతోనే మాట్లాడుకుంటారు. రాత్రి షిఫ్టు మారే వేళకు, చెవులలో దూదిపింజలతో, బనీనులకు అంటిన నూలుపీచు దులుపుకుంటూ, పగటివారు వీధిలోకి వస్తారు. టీ బంకు దగ్గర గ్లాసులు అందుకొని, కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు.