రక్తపుపోటు: మందున్నది, అందుట లేదు

1945 ఏప్రిల్ 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆయనకు రక్తపుపోటు మితిమీరియున్నదని వైద్యులు అంతకు ఏడాది ముందుగనే నిర్ధారణ చేసియుండిరి. చేసియు వారేమి చేయగలిగిరి? విశ్రాంతి, ఉప్పు తగ్గింపు, గుండెకు బలమిచ్చు మందు. అంతకు మించిన సాధనము నాడు లేదు. ప్రపంచమున కెల్ల సంపన్నమైన దేశము తన అధినేతకు సంపాదించి యీయజాలని ఔషధము నేడు మన జనౌషధి దుకాణములలో మాత్ర యొక్కటి రూపాయి లోపు వెలకే దొరకుచున్నది. ఐనను మన గ్రామములలో మనుష్యులు ఆ రూజ్వెల్టు చావే చచ్చుచున్నారు. దీనికి కారణము వైద్యశాస్త్రములో వెదకిన ప్రయోజనము లేదు.

ప్రపంచారోగ్యసంస్థవారు 2023 సెప్టెంబరులో ప్రకటించిన నివేదిక ననుసరించి, 30 మొదలు 79 ఏండ్ల వయసువారిలో సుమారు 130 కోట్లమందికి ఈ వ్యాధి కలదు. వారిలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా బీద, మధ్యతరగతి దేశములవారే. పోటు అదుపులో నున్నవారు ఐదుగురిలో ఒక్కరు మాత్రమే. అదే యేట వెలువడిన భారత వైద్యపరిశోధనామండలివారి పరిశీలనమును బట్టి మన దేశమున వయోజనులలో నూటికి 35కు మించి, అనగా సుమారు 31 కోట్ల 50 లక్షలమంది, ఈ వ్యాధిగ్రస్తులు. ఇది మోటారులలో తిరుగువారి జబ్బను పాతమాట నింకను పట్టుకొని వ్రేలాడువా రీ లెక్కలను చూతురుగాక.

ఈ వ్యాధికి నొప్పి లేదు. కలరా వచ్చిన ఊరు ఊరంతయు కేకలు వేయును, అధికారులు పరుగెత్తుదురు. రక్తపుపోటు గలవాడు ఉదయమున నాగలి కట్టును, సాయంకాలము భోజనము చేసి నిద్రించును. పక్షవాతమున కాలుచేయి పడిపోయిన నాడుగాని వాని యింట ఎవ్వరికిని దీని పేరు తెలియదు. నొప్పి లేని జబ్బునకు జీవితాంతము మందు మ్రింగుమనుట కూలివానికి వింతగానే తోచును. వాడొకపూట కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి పోయినపుడు పదిదినముల మాత్రలిచ్చి మరల రమ్మనుటయు, మరల వచ్చినపుడు మందు నిండుకొన్నదనుటయు, ముందు వైద్యు డిచ్చినదానిని మార్చి వేరొకరు వేరొకటి వ్రాయుటయు జరిగిన పక్షమున వాడు మానివేయును. మానివేసిన దోషమంతయు వాని అజ్ఞానముపై నెట్టుట మన విద్యావంతుల కలవాటైపోయినది.

2017 నవంబరులో పంజాబు, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రములలో కొన్ని జిల్లాలయందు ప్రారంభమైన భారత రక్తపుపోటు నియంత్రణోద్యమ మీ నిందకు తగిన సమాధానము చెప్పినది. అందు అద్భుతమేమియు లేదు. మొదట ఏ మందు, ఎంత మోతాదు, నెలకు పోటు తగ్గకున్న తరువాత ఏది, అను క్రమమును రాష్ట్రమంతటికి ఒక్కటిగా ఏర్పరచిరి. ముప్పదిదినముల మాత్ర లొక్కసారి యిచ్చిరి. పోటు కొలుచుట, రానివారిని పిలుచుట నర్సులకు, ఆరోగ్యకార్యకర్తలకు అప్పగించిరి. పెద్ద ఆసుపత్రులలో కంటె గ్రామమునకు దగ్గరనున్న చిన్న కేంద్రములందే అదుపు మెరుగుగా నుండుట గమనింపదగినది. మందు మనుజుని దగ్గరకు నడచిన కొలది మనుజుడును మందును విడువలేదన్నమాట.

ఇచట స్వదేశాభిమానులకొక మాట. రక్తపుపోటుపై సర్పగంధ గుణమును 1931లోనే కలకత్తాలో గణనాథసేన్, కార్తికచంద్రబోసుగారలు ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీలు దాని ప్రయోగఫలితములను ఆంగ్ల వైద్యపత్రికలో వ్రాసెను. సారము తీసినది మాత్రము 1952లో స్విట్జర్లండువారు. గర్వింపదగిన చరిత్రయే. కాని మనోవ్యాకులత మొదలగు దోషములవలనను, అంతకంటె మేలైన మందులు వచ్చుటవలనను నేడు దానికి మొదటిస్థానము లేదు. దేశాభిమానమునకు పథ్యమైనదెల్ల రోగికి పథ్యము కానేరదు. వేరు నూరి త్రాగి మాత్ర మానినవారిని మేమెరుగుదుము.

ఉప్పు సంగతియు నట్టిదే. 1930లో దండి తీరమున మహాత్ముడు పిడికెడుప్పెత్తినది పేదవాని గంజిపై పన్ను కూడదని. పన్ను పోయినది, మితమును పోయినది. దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండవలె నని ప్రపంచారోగ్యసంస్థ చెప్పగా మనవారు 8 గ్రాముల ప్రాంతమున తినుచున్నారు. ఆవకాయ, అప్పడము లేని భోజనము భోజనమే కాదను ఆంధ్రులకు వేరుగ చెప్పనేల! చైనాలో 600 గ్రామములందు నాలుగవవంతు పొటాషియము కలిపిన ఉప్పు వాడించి చూడగా పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినట్లు 2021లో తేలినది. మూత్రపిండముల జబ్బు గలవారికది తగదు గాన, వైద్యుని విచారింపక యెవ్వరును దాని నారంభింపరాదు.

రక్తపుపోటు, మధుమేహము గల 7 కోట్ల 50 లక్షలమందికి 2025 నాటికి చికిత్స నందింతుమని కేంద్రప్రభుత్వమువారు 2023 మే నెలలో ప్రతిజ్ఞ చేసిరి. 2025 మార్చినాటికి రక్తపుపోటు గలవారే 4 కోట్ల 20 లక్షలమంది చికిత్సలో చేరిరని ప్రకటించిరి. సంతోషమే. కాని పట్టికలో పేరెక్కుట వేరు, పోటు దిగుట వేరు. చేరినవారిలో ఎందరికి 140/90 లోపున నిలిచినది, ఎందరు మూడునెలలుగ మందునకు రాలేదు, ఏ కేంద్రమున ఎన్నిదినములు మాత్రలు నిండుకొన్నవి? ఈ మూడంకెలను ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు గుమ్మమునొద్ద పలకపై నెలనెలకు వ్రాయింపవలెనని మేము కోరుచున్నాము. దానికి సుద్దముక్క ఖర్చు తప్ప మరియొకటి లేదు.