అన్నదమ్ములకు ఒకే త్రాసా?

ఒక యింటి పిల్లలిద్దరు ఒకే బడిలో చదువుతూ ఉంటే, వెనుకబడినవానితో "నీ తమ్ముని చూచి నేర్చుకో" అనడం మన ఉపాధ్యాయులకు వాడుక. మేలు కోరియే అంటాము. ముప్పదియేండ్లుగా పాఠం చెబుతున్న నేనూ ఆ మాట అన్నవాడనే. అది తప్పని నాకు తోచినది ఒక ఇంగ్లీషు ఫుట్‌బాల్ ఆటగాని జీవితం చదివిన తరువాతనే.

జాక్ చార్ల్‌టన్ 1935లో ఉత్తర ఇంగ్లండులోని ఆషింగ్టన్ అనే బొగ్గుగనుల ఊరిలో పుట్టినాడు. తండ్రి గని కార్మికుడు. మేనమామలు నలుగురు ఫుట్‌బాల్ ఆటయే వృత్తిగా గలవారు. రెండేండ్లు చిన్నవాడైన తమ్ముడు బాబీ బాల్యంలోనే మేటి అనిపించుకొన్నాడు. వాని కొరకు పెద్ద క్లబ్బులవారు ఇంటికే వచ్చినారు. జాక్ మాత్రం పదునైదవ యేట లీడ్స్ క్లబ్బు పరీక్షకు పిలిస్తే కాదని, తండ్రి వెంట గనిలోనికి దిగినాడు. ఆ చీకటి బ్రతుకు తనకు తగదని త్వరలోనే గ్రహించి, పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినాడు. పోలీసు ఇంటర్వ్యూ, లీడ్స్ వారి పరీక్ష ఒక్కనాడే వచ్చినవి. జాక్ ఆటకే పోయినాడు.

అతడు ఆడినది సెంటర్ హాఫ్ స్థానం. తమ గోలు ముందు నిలిచి ఎదిరివారి దాడిని విరుగగొట్టడం అక్కడివాని పని. గోలు కొట్టినవాని పేరు పత్రికలకు ఎక్కుతుంది. పడవలసిన గోలు పడకుండా ఆపినవాని లెక్క ఎవరు వ్రాస్తారు? పైగా జాక్ శిక్షణను లెక్కచేయని దురుసువాడని పేరు. 1961లో మేనేజరైన డాన్ రెవీ చేతిలో ఆ దురుసుతనం క్రమశిక్షణగా మారినది.

తమ్ముడు 1958లోనే ఇంగ్లండు జట్టులో చేరినాడు. అన్నకు ఆ పిలుపు 1965 ఏప్రిలులో, ముప్పది నిండబోయే వేళ వచ్చినది. తననెందుకు ఎన్నుకొన్నారని అడిగితే, తాను అన్ని వేళలా మేటి ఆటగాండ్రనే ఏరుకోనని, జట్టుకు ఒదిగేవారిని చూచుకొంటానని మేనేజరు ఆల్ఫ్ రామ్సీ బదులిచ్చినాడట. ఈ ముచ్చట జాకే చెప్పుకొనేవాడు. 1966 జూలై 30న ఇంగ్లండు పశ్చిమ జర్మనీని 4-2 గోల్స్‌తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన నాడు అన్నదమ్ములిద్దరూ ఆ జట్టులో ఉన్నారు. మరుసటి ఏడు ఇంగ్లండులో ఉత్తమ ఆటగాడన్న గౌరవం జాక్‌కు దక్కినది. 1973 వరకు లీడ్స్‌ను విడువక 629 లీగు ఆటలు ఆడినాడు.

పోలిక పౌరుషాన్ని పుట్టిస్తుందని కొందరంటారు. కాని జాక్ బాబీవలె మారి పైకి రాలేదు. గోల్స్ కొట్టే నేర్పు తమ్మునిది. వాటిని పడనీయని నేర్పు అన్నది. ఒకే త్రాసులో తూచి ఉంటే ఇంగ్లండుకు ఒక్క చార్ల్‌టనే మిగిలేవాడు.

ఆలస్యంగా వచ్చేవారందరూ జాక్‌లు కారు, నిజమే. కాని పదునైదేండ్లవాని లెక్క అప్పుడే మూసివేసే హక్కు మనకెవరిచ్చినారు?

చాలా ఏండ్ల క్రిందట నేనట్లు మందలించిన విద్యార్థి, ఆ సంవత్సరమంతా తరగతిలో మరల నోరు విప్పలేదు. ఆనాడు వాని మౌనాన్ని వినయమనుకొన్నాను. ఈ నాలుగు మాటలు వానికి నేను ఆలస్యంగా చెప్పుకొంటున్న క్షమాపణ.