బాలింత తలనొప్పి

కాన్పుకు వచ్చిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు చేసే సేవ చిన్నది కాదు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దంచి బెల్లం, నెయ్యి వేసి కాయం ముద్దలు చేస్తారు. పాతబియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం కలిపి ముద్దలు పెడతారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ. రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్లలో కూడా కన్నతల్లి రెండో పూట పని తన మీద వేసుకుని కూతుర్ని పొయ్యి దగ్గరికి రానివ్వదు. ఏ చట్టమూ ఇవ్వని రోజుల్లోనే మన ఇళ్లు ఆడదానికి ఇచ్చిన సెలవు అది. దాన్ని చులకన చేసి మాట్లాడటానికి మనసొప్పదు.

ఆ పత్యంలో ఒక్క నియమాన్ని మాత్రం ఇకనైనా వదిలేయాలి. అది నీళ్ల కట్టడి. బాలింత నీళ్లెక్కువ తాగితే పొట్ట దిగజారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని, ఒంటిని వాతం కమ్ముతుందని చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మే నెల ఎండ, తలుపులు మూసిన గది, తలకు గుడ్డ, రాత్రీపగలూ బిడ్డ నోటికి పాలు. దాహమేస్తోందని అడిగితే “ఓర్చుకో అమ్మా, నలభై రోజులే కదా” అంటారు. ప్రేమతోనే అంటారు.

నెలలు నిండే కొద్దీ రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాన్పులో నెత్తురు పోయి ప్రాణం మీదికి రాకుండా శరీరం ముందుగా చేసుకునే ఏర్పాటు అది. బిడ్డ పుట్టాక కూడా ఆరు వారాల దాకా ఆ గుణం పూర్తిగా తగ్గదు. దానికి రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం, మంచం దిగకపోవడం తోడైతే మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరల్లో గడ్డ పడే ప్రమాదం ఉంది. తూము పూడిన చెరువులో నీరు కట్ట మీదికి ఎగదన్నినట్టు, దారి మూసుకుపోయిన రక్తం మెదడు మీద ఒత్తిడి పెంచుతుంది. మొదట తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం. అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం.

అసలు చిక్కు ఆ మొదటి తలనొప్పి దగ్గరే వస్తుంది. నిద్ర లేక అంటారు, దిష్టి అంటారు. ఫిట్స్ వచ్చాక గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లూ ఉన్నారు. ఆస్పత్రిలో సైతం పొరబాటుకు చోటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఆ ఆపరేషన్‌కు వెన్నులో ఇచ్చే మత్తు సూది వల్ల కొందరికి తలనొప్పి వస్తుంది. అది కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తేలికపడుతుంది. పడుకున్నా తగ్గని నొప్పి, రోజురోజుకూ పెరిగే నొప్పి, వాంతితో వచ్చే నొప్పి వేరు. ఎంఆర్‌ఐలో సిరలను చూసే పరీక్ష చేస్తే గడ్డ బయటపడుతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ వేళకు మొదలుపెడితే ఎక్కువమంది కోలుకుంటారు. కాన్పు తర్వాత బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోయే గుర్రపువాతం కూడా ఇలాంటి తలనొప్పితోనే మొదలు కావచ్చు కాబట్టి బీపీ చూడకుండా మాత్ర ఇచ్చి పంపడం ఎంతమాత్రం తగదు.

ఒకప్పుడు మన దేశంలో ఈ సిరల గడ్డ అంటే బాలింతల జబ్బనే పేరు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 428 మంది రోగుల వివరాలతో 2012లో ప్రచురించిన అధ్యయనంలో బాలింతలు పదోవంతు లోపే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం రక్తహీనత. కాన్పులు ఆస్పత్రులకు చేరాక వచ్చిన మార్పులో ఇదీ ఒక భాగమని అనుకోవచ్చు. మిగిలిన ఆ కొద్దిమందిని ఇంట్లోవాళ్ల చెవే కాపాడాలి.

ఇంత చెప్పినంత మాత్రాన ఇంటి వైద్యం, మొక్కల మందు వట్టివని తేల్చేయడం న్యాయం కాదు. చేల గట్ల మీద, తుప్పల్లో అల్లుకునే దూలగొండిని చూడండి. కాయ మీద మెరిసే నూగు చేతికి తగిలితే ఒళ్లంతా దురద. పిల్లలు ఆమడ దూరం పారిపోతారు. ఆ కాయలోని గింజల్ని పాలలో ఉడికించి, పొట్టు తీసి, ఎండబెట్టి పొడి చేయడం ఆయుర్వేదానికి ఎప్పటి నుంచో తెలుసు. మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1937లో ఆ గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేశారు. చేయి వణికి, అడుగు పడక, ముఖం బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బులో మెదడుకు కరవయ్యేది డోపమైన్. ఎల్-డోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. ఈ సంగతి వైద్యానికి పనికొచ్చింది 1960లలో. ఇవాళ్టికీ ఆ జబ్బుకు ప్రధానమైన మందు అదే.

గింజ పొడిని కూడా తూచి పరీక్షించారు. లండన్‌లో 8 మంది రోగుల మీద చేసి 2004లో వెల్లడించిన పరీక్షలో అది ఎల్-డోపా మాత్ర కంటే త్వరగా పనిచేసింది. ఎనిమిది మందితో చేసిన పరీక్ష ఆశకు చాలు, హామీకి చాలదు. గింజ గింజకూ మందు శాతం మారుతుంది. మాత్రలో కార్బిడోపా అనే మరో మందు కలపడం వల్ల వికారం తగ్గుతుంది, పొడిలో ఆ తోడు లేదు. డాక్టరు మాత్ర వేసుకుంటూనే ఎవరో చెప్పారని పొడి కూడా కలిపితే మోతాదు పెరిగి ఒళ్లు మెలికలు తిరుగుతుంది, లేనివి కళ్లకు కనిపిస్తాయి.

ఈ రెండు సంగతులూ ఒకే ఇంట్లో తారసపడవచ్చు. తాతగారి వణుకుకు తెచ్చిన దూలగొండి పొడి బలానికి మంచిదన్న పేరుతో బాలింత పాలగ్లాసులోకి చేరడానికి ఎంతో సేపు పట్టదు. డోపమైన్ పాలిచ్చే తల్లిలో ప్రొలాక్టిన్‌ను అణచివేస్తుంది. పాలు ఊరడానికి కావాల్సింది ఆ ప్రొలాక్టినే. తాతకు చేయి నిలబెట్టే గింజ మనవరాలికి పాలు తగ్గించగలదు. మొక్కలో అంత సత్తువ ఉంది కాబట్టే ఎవరికి, ఎంత, దేనితో కలిపి అని అడగాలి.

ఆస్పత్రిలో కాన్పయిన బాలింత ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్తుంది. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బిడ్డ బరువు, ఒంటి వేడి చూస్తుంది. అదే గుమ్మంలో నిలబడి తల్లిని మూడు ప్రశ్నలు అడగడం మొదటి పని కావాలి. తలనొప్పి ఉందా? నీళ్లు ఎన్ని తాగుతున్నావు? మనసు దిగులుగా ఉందా? మూడోది అడగకపోతే బాలింత దిగులు కూడా తలనొప్పిలాగే “అలవాటైపోతుందిలే” అన్న మాట కింద అణగిపోతుంది. అటు ఆస్పత్రిలో ఇంటికి పంపే రోజున డాక్టర్లు మందుల చీటీ భర్త చేతికిచ్చి, జాగ్రత్తలు బాలింతకు చెబుతున్నారు. నీళ్ల చెంబు మాత్రం వాళ్లిద్దరి దగ్గరా ఉండదు. వరండాలో మూటలు సర్దుకుంటున్న అమ్మమ్మను లోపలికి పిలిచి కుర్చీ వేసి చెప్పాలి. “అమ్మా, కాయం పెట్టండి, కారం పెట్టండి. దాహమన్నప్పుడల్లా నీళ్లివ్వండి, రోజూ నాలుగడుగులు నడిపించండి. తలనొప్పి అంటే రాత్రయినా సరే తీసుకురండి.”